సవరణ: వోల్కరోనాకు ఫోకస్ సాష్ వద్దు

హనుమకొండలో ఆదివారాలు ఆడుకునే మనవాళ్ల కోసం పోకెమాన్ అటాకింగ్ టీమ్ గురించి పోయిన వారం రాశాను. వోల్కరోనా అనే పోకెమాన్‌కు ఫోకస్ సాష్ (ఒక్క దెబ్బకే పడిపోకుండా కాపాడే ఐటెమ్) పెడితే మధ్యలో ఎప్పుడు దింపినా ఒక దెబ్బ తట్టుకుని, బలం, వేగం పెంచే క్వివర్ డ్యాన్స్ వేస్తుందని అందులో చెప్పాను. అది తప్పు. కాజీపేట తమ్ముడొకడు అడిగాక గేమ్‌లోని ఐటెమ్ వివరణ మళ్లీ చదివి, డ్యామేజ్ క్యాలిక్యులేటర్‌లో లెక్క వేసి చూశాను.

సాష్ పనిచేయాలంటే హెచ్‌పీ, అంటే ప్రాణం, నిండుగా ఉండాలి. అవతలివాళ్లు స్టెల్త్ రాక్ (దిగే పోకెమాన్‌కు తగిలేలా ముందే పరిచే రాళ్లు) వేసి ఉంటే, రాళ్ల దెబ్బకు బలహీనమైన బగ్, ఫైర్ టైపులు రెండూ ఉన్న వోల్కరోనాకు దిగగానే సగం ప్రాణం పోతుంది. లెవెల్ 100లో హెచ్‌పీకి ఈవీలు (శిక్షణ పాయింట్లు) పెట్టకపోతే ఉండేది 311, అందులో 155 అక్కడే గోవిందా. ఇక సాష్ ఉన్నా లేనట్టే.

వోల్కరోనాకు హెవీ డ్యూటీ బూట్స్ పెట్టండి, రాళ్ల దెబ్బ అసలు తగలదు. డ్రాగనైట్‌కూ అంతే: రాళ్లకు పావు వంతు పోతే, హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు దెబ్బను సగానికి తగ్గించే దాని మల్టీస్కేల్ పనిచేయదు. బూట్స్ వేరేదానికి కావాలంటే, రాళ్లు ఊడ్చేయడానికి రాపిడ్ స్పిన్ ఉన్న గ్రేట్ టస్క్ టీమ్‌లో ఉండాల్సిందే.

కొందరు సాష్ మొత్తానికే దండగ అనుకుంటున్నారు, అలా కాదు. మొదట దింపే పోకెమాన్‌కు అది ఇప్పటికీ మంచిదే, ఎందుకంటే అప్పటికింకా రాళ్లు పడి ఉండవు. ఒకేసారి రెండేసి పోకెమాన్ దిగే డబుల్స్‌లో స్టెల్త్ రాక్ అరుదు కాబట్టి అక్కడా ధైర్యంగా వాడొచ్చు.