చీకటి కొన్నవాడి విన్నపం

పైసా ఖర్చు లేకుండా దొరికేవాటిలో చీకటి ఒకటని మన పెద్దలు నమ్మేవారు. దానిని సబ్‌స్టేషనువారు సాయంత్రం దాటగానే ఇంటింటికీ ఉచితంగా పంచుతున్న రోజుల్లో, అదే సరుకును డబ్బు పోసి కొనుక్కున్నవారిలో నేనూ ఒకడినని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. 2004 ఆగస్టు 3న అమెరికాలో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్ 3’ అనే ఆటను విడుదల చేసింది. 2145లో అంగారక గ్రహం మీది పరిశోధన కేంద్రంలోకి నరకం నుంచి భూతాలు దిగబడతాయి. ఆటగాడు ఒంటరి సైనికుడి కళ్లతో చూస్తూ, చీకటి వరండాల్లో తడుముకుంటూ వాటిని కాల్చాలి. మూడు సీడీల్లో వచ్చిన ఈ నరకంలో అడుగుపెట్టాలంటే కనీసం 1.5 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ప్రాసెసరు, 384 మెగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్కులో 2.2 గిగాబైట్ల ఖాళీ ఉండాలి. గరుడ పురాణంలోని నరకానికైతే పాపం ఒక్కటి చేస్తే చాలు.

మా కంప్యూటరు అప్పటికి పాపపుణ్యాలు రెండూ చేతకాని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ రకం, అంటే తెర మీద బొమ్మలు గీయడానికి విడి కార్డు లేనిది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు అంతస్తులు ఎక్కి దిగి ఒక గ్రాఫిక్స్ కార్డు బేరం చేశాను. “ఈ కార్డుకు నీ ఎస్‌ఎంపీఎస్ ఆగదన్నా” అన్నాడు కొట్టతను, జాతకం చూసి దోషం చెప్పినంత నెమ్మదిగా. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటరు భాగాలకు కరెంటు అందించే పెట్టె. అది మార్చాక ర్యామ్ చాలదని తేలింది, ర్యామ్ పెంచాక వేడికి అదనపు ఫ్యాను తప్పదని తేలింది. పండక్కి వచ్చిన కొత్తల్లుడు కూడా అలకపాన్పు మీద ఇన్ని కోరలేదు. చివరికి ఆట మొదలై తెర నిండా కటిక నలుపు పరుచుకున్నప్పుడు, వెనక నిలబడి చూస్తున్న మా అమ్మ ఒక్కటే అడిగింది: “మానిటరు పోయిందేమిట్రా?”

చీకటికి ఇంత ఖరీదెందుకన్న సందేహం న్యాయమైనదే. అంతకుముందు చాలా ఆటల్లో గోడల మీది నీడలను ముందే లెక్కగట్టి బొమ్మలో అద్దేసేవారు. ఈ ఆటలో మాత్రం ప్రతి దీపానికీ ఏ వస్తువు ఎంత మేర వెలుతురును అడ్డుకుంటుందో అప్పటికప్పుడు లెక్కించి, ఆ మేరను కార్డులోని స్టెన్సిల్ బఫర్ అనే గుర్తుల పలకలో గుర్తుపెట్టి, మిగిలినచోటనే వెలుగు పోస్తారు. దీపం ఊగితే నీడ ఊగుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అంటే పాపం ఆ కార్డు చెమటోడ్చేది మనకు ఏం చూపించాలని కాదు, ఏం చూపించకూడదని.

ఈ నీడకు యజమాని కూడా ఉన్నాడు. ఐడీ సంస్థలో ప్రధాన ప్రోగ్రామరు జాన్ కార్మాక్ వాడిన పద్ధతి మీద తమకు పేటెంటు ఉందని, సౌండ్ కార్డులు చేసే క్రియేటివ్ సంస్థ ముందుకొచ్చింది. విడుదలకు ముందే ఇరుపక్షాలూ రాజీపడి, ఆ కంపెనీవారి ఈఏఎక్స్ ధ్వని సాంకేతికతను ఆటలో చేర్చడానికి ఒప్పుకున్నాయి. నీడ తగాదాను చప్పుడుతో తీర్చుకున్న వ్యాజ్యం మన రచ్చబండల మీద కూడా వినలేదు. 2011లో ఆట సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాము మూలరాతను, బయటపెట్టేటప్పుడు సైతం ఆ పేటెంటుకు తగలకుండా కొన్ని వరుసలు మార్చవలసి వచ్చింది. మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం వేసుకునేవారు కాస్త ఆలోచించుకోవడం మంచిది.

ఇక ఆటలో బొమ్మల నాణ్యతకు ‘అల్ట్రా’ అనే అత్యున్నత స్థాయికి 512 మెగాబైట్ల వీడియో మెమరీ కావాలన్నారు. ఇళ్లలో వాడే కార్డుల్లో మేలైనవాటికే అప్పట్లో 256 ఉండేవి. గుడి కట్టకముందే అంతరాలయ దర్శనం టికెట్లు పెట్టడం అంటే ఇదే.

నా కార్డు స్థోమతకు భూతాలు వాయిదాల పద్ధతిలో వచ్చేవి. అటక మీంచి దూకినది నేలను తాకేలోపు నేను మంచినీళ్లు తాగి రాగలిగేవాణ్ణి. పైగా ఏదో రాబోతోందనగా హార్డ్ డిస్కు గరగరమనేది; గజ్జెల చప్పుడుతో దయ్యం ముందే కబురు పెట్టడం మన కథల్లో ఎప్పటినుంచో ఉన్న మర్యాద కనుక నాకది పరాయిగా తోచలేదు.

నాకు మింగుడుపడనిది టార్చిలైటు ఒక్కటే. అంగారకుడి మీద కాపురం పెట్టగల నాగరికతలో సైనికుడు టార్చిలైటు పట్టుకుంటే తుపాకీ పట్టుకోలేడు, తుపాకీ ఎత్తితే టార్చిలైటు దించాలి. విడుదలైన కొద్ది రోజులకే ఒక అభిమాని ఆ రెంటినీ టేపుతో అంటించినట్టు చూపే ‘డక్ట్ టేప్’ మాడ్ (ఆటకు బయటివారు చేసే మార్పు) తయారు చేసి పంచాడు. అసలు సంస్థకు ఆ దీపాన్ని సైనికుడి కవచానికి తగిలించాలని తోచేసరికి 2012 వచ్చింది, అదీ ‘బీఎఫ్‌జీ ఎడిషన్’ అన్న పేరుతో మళ్లీ అమ్మేటప్పుడు.

మరుసటి వేసవి సెలవుల్లో ఒక రాత్రి, ఊళ్లో, అంగారకుడి మీద ఒక మూల నక్కి ఉండగా కరెంటు పోయింది. తెరలో తేడా ఏమీ కనిపించక నేను కొంతసేపు మౌసు నొక్కుతూనే ఉన్నాను. ఇంతలో పొలంలో మోటారు ఆగిపోయిందేమో చూసి రావడానికి తాతయ్య గుమ్మం దాటారు, ఎడమచేతిలో బ్యాటరీ లైటు, కుడిచేతిలో కర్ర.