ఎముకల పక్కన రాలిపోయిన ప్రశ్నార్థకం

మెక్సికోలోని చిచెన్ ఇట్జాలో 1967లో నేల కింద ఒక తొట్టి బయటపడింది. మాయా ప్రజలు వాన నీళ్లు నిల్వ చేసుకోవడానికి కట్టుకునే చుల్తూన్ అది. అందులోనూ, దాన్ని ఆనుకున్న చిన్న గుహలోనూ కలిపి వందకు పైగా పిల్లల ఎముకలున్నాయి. ఆ ఊరి పేరెత్తితే అప్పటిదాకా అందరికీ గుర్తొచ్చేది బావిలోకి తోసి బలి ఇచ్చిన కన్నెపిల్లల కథే. 2024లో ఈ తొట్టిలోని 64 మంది పిల్లల డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. అరవై నలుగురూ మగపిల్లలే. వాళ్లలో ఒకే పోలికతో పుట్టిన కవలల జంటలు రెండున్నాయి.

ఇన్నేళ్లూ ఆ ఎముకల్ని సరిగ్గా చూసినవాళ్లే లేరా అనుకోవద్దు. చూసినా తెలిసేది కాదు. యవ్వనం రాకముందు ఆడపిల్ల ఎముకకూ మగపిల్లాడి ఎముకకూ నమ్మదగ్గ తేడా ఏమీ ఉండదు. ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్‌లో రోమన్ల కాలపు స్నానశాల కింద, మురుగు కాలవలో దాదాపు వంద మంది పసికందుల ఎముకలు దొరికినప్పుడూ ఇదే చిక్కు. పురిట్లోనే చంపేశారంటే ఆడపిల్లలే అయ్యుంటారని సహజంగానే అనుమానం వచ్చింది. 1998లో ప్రచురించిన పరీక్షలో 19 మంది సంగతి తేలింది. 14 మంది మగ, ఐదుగురు ఆడ.

పెద్దవాళ్ల అస్థిపంజరమైతే కటి ఎముకే ముందు చూస్తారు. బిడ్డ తల బయటికి రావాలి కాబట్టి స్త్రీలలో ఆ వలయం వెడల్పుగా ఉంటుంది. ముందు వైపు రెండు జఘనాస్థులు కలిసేచోట కింద ఏర్పడే కోణం విశాలంగా ఉంటుంది. వెనక సయాటిక్ నరం దిగే గాడిలో బొటనవేలు పెట్టి చూడటం పాత పద్ధతి. వేలు వదులుగా ఆడితే స్త్రీ, బిగుతుగా ఉంటే పురుషుడు. మోటుగా అనిపించినా బాగానే పనిచేస్తుంది. 1969లో ఫెనిస్ అనే శాస్త్రవేత్త జఘనాస్థిలో మూడు గుర్తులు చూస్తే చాలు, వందకు 96 సార్లు సరిగ్గా చెప్పొచ్చన్నాడు. చిక్కల్లా, మట్టిలో ముందుగా విరిగి పొడైపోయేది కూడా సరిగ్గా ఆ ఎముకే.

అది లేకపోతే పుర్రె దిక్కు. కనుబొమల దగ్గరి గట్టు, చెవి వెనక బుడిపె, తల వెనక కండరాలు పట్టుకునే గీత, గడ్డం. వీటికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 1 అంటే కచ్చితంగా స్త్రీ, 5 అంటే కచ్చితంగా పురుషుడు, 3 అంటే తేల్చలేం. కానీ పుర్రె పేచీకోరు. కుర్రాడి పుర్రె నాజూగ్గా ఉండొచ్చు, వయసు మీదపడిన స్త్రీ పుర్రె మోటుబారొచ్చు. ఒక జనాభాలో మగవాళ్ల సగటు మరో జనాభాలో ఆడవాళ్ల సగటుకు దగ్గరగా ఉండొచ్చు. అందుకే మంచి నిపుణుడి రిజిస్టర్‌లో 'పురుషుడు?' అనీ, 'స్త్రీ?' అనీ ప్రశ్నార్థకాలు విరివిగా కనిపిస్తాయి.

నా అభ్యంతరమంతా ఆ ప్రశ్నార్థకం గురించే. తవ్వకం నివేదికలో ఉన్న ఆ గుర్తు మ్యూజియం బోర్డు మీదికి వచ్చేసరికి ఉండదు. వార్తలోకి ఎక్కేసరికి 'బహుశా' కూడా ఎగిరిపోతుంది. ఎముక ఇవ్వలేని జవాబును ఆ ఖాళీలోకి పక్కనున్న వస్తువు వచ్చి ఇచ్చేస్తుంది. కత్తి ఉంటే మగ, పూసలుంటే ఆడ.

వేల్స్‌లోని పావిలాండ్ గుహలో 1823లో విలియం బక్‌లాండ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఎర్రమట్టి పూసిన అస్థిపంజరం దొరికింది. తల లేదు. పక్కన ఏనుగు దంతపు ఆభరణాలు, గవ్వలు ఉన్నాయి. రోమన్ల కాలపు స్త్రీ అని ఆయన రాశాడు. తీరా అది దాదాపు 33,000 ఏళ్ల కిందటి యువకుడిది. లింగం తప్పు, కాలం అంతకన్నా తప్పు. పేరు మాత్రం ఇప్పటికీ 'రెడ్ లేడీ'యే.

నిపుణుల కన్ను కూడా ఈ మొగ్గుకు అతీతం కాదు. కెన్నెత్ వైస్ అనే మానవ శాస్త్రవేత్త 1972లో రకరకాల తవ్వకాల లెక్కలన్నీ ముందేసుకుని చూస్తే, ఎముకలను బట్టి చెప్పినప్పుడు మగవాళ్ల వైపు సుమారు 12 శాతం మొగ్గు కనిపించింది. అనుమానం వచ్చినప్పుడల్లా పెద్ద ఎముకను మగవాడి ఖాతాలో వేస్తూ పోయారన్నమాట. ఒక్క సమాధిలో ఇది చిన్న పొరపాటే. కానీ ఒక సమాజంలో ఆడ, మగ ఎంతమంది, ఎవరు ఏ వయసులో చనిపోయారు అని లెక్క కట్టేటప్పుడు ఆ లెక్క మొత్తం పక్కకు ఒరిగిపోతుంది.

స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఒక సమాధి ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ. ఖడ్గం, గొడ్డలి, బల్లెం, బాణాలు, డాళ్లు, రెండు గుర్రాలు, ఆట పావులు ఉన్నాయి. పదో శతాబ్దపు వైకింగ్ వీరుడు అన్నారు. 1970ల్లోనే ఎముకలు చూసినవాళ్లు ఇది స్త్రీలా ఉందన్నారు కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2017లో డీఎన్ఏ రెండు ఎక్స్ క్రోమోజోములు చూపించింది, అంటే స్త్రీ (పురుషుల్లో మామూలుగా ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి). అప్పుడు మొదలయ్యాయి సందేహాలు: ఎముకలు కలిసిపోయాయేమో, ఇంకో శవం ఉండేదేమో, ఆయుధాలు పెట్టినంత మాత్రాన యుద్ధం చేసినట్టా? మూడో ప్రశ్న చాలా మంచిది. అయితే పురుషుడు అనుకున్న నూట ముప్పై తొమ్మిదేళ్లలో అది ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆలోచించాలి.

స్పెయిన్‌లో సెవిల్ దగ్గరి వాలెన్సినాలో 2008లో దొరికిన సమాధిదీ ఇదే వరస. దాదాపు ఐదు వేల ఏళ్ల నాటిది. ఆఫ్రికా ఏనుగు దంతం, స్ఫటికపు బాకు, ఆ ప్రాంతంలో అంత వైభవంగా ఇంకెవరినీ పూడ్చలేదు. అస్థిపంజరం బాగా దెబ్బతింది. 'బహుశా యువకుడు' అని రాస్తే, 'ఐవరీ మ్యాన్'గా ప్రసిద్ధుడయ్యాడు. 2023లో ప్రచురించిన పరీక్షలో ముందు పన్ను, దవడ పన్ను రెండూ స్త్రీ అనే చెప్పాయి.

పంటికి ఆ శక్తి ఎక్కడిదంటే, ఎనామెల్ ఏర్పడేటప్పుడు అమెలోజెనిన్ అనే ప్రొటీన్ తయారవుతుంది. దాని జన్యువు ఎక్స్ మీద ఒక రూపంలో, వై మీద కొంచెం తేడాతో మరో రూపంలో ఉంటుంది. పన్ను ఉపరితలాన్ని పలచటి ఆమ్లంతో కాసేపు కడిగి, ఆ ద్రవాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల్ని బరువును బట్టి గుర్తించే యంత్రం) పెడితే వై రూపం తాలూకు ముక్కలు కనిపించొచ్చు. కనిపిస్తే మగ. పిల్లల పళ్లకూ పనికొస్తుంది. డీఎన్ఏ ఎప్పుడో నశించిపోయిన చోట కూడా పనిచేస్తుంది: స్పెయిన్‌లోని అటాపుయెర్కాలో దొరికిన సుమారు ఎనిమిది లక్షల ఏళ్ల నాటి పన్ను మగ మనిషిదని 2020లో అలాగే తెలిసింది. వేడి నేలల్లో దీని విలువ మరీ ఎక్కువ. హరియాణాలోని సింధు నాగరికత ఊరు రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒకే ఒక్క స్త్రీ నుంచి చాలినంత డీఎన్ఏ దొరికింది. అదీ లోచెవిని కాపాడే గట్టి ఎముకల మీద ఆశ పెట్టుకుంటే.

ఇక్కడితో టెన్షన్ తీరిపోయిందనుకుంటే పొరపాటు. ఈ పరీక్షలో 'మగ' అనే జవాబుకు సాక్ష్యం ఉంటుంది, 'ఆడ' అనే జవాబు సాక్ష్యం లేకపోవడం మీద నిలబడుతుంది. వై రూపం ప్రొటీన్ ఎనామెల్‌లో పదోవంతు మాత్రమే. మట్టిలో పాడైన పంటిలో అది కనపడనంత మాత్రాన మొదటి నుంచీ లేదని అనలేం. ఎక్స్ సంకేతం బలంగా ఉందో లేదో చూసుకున్నాకే మాట్లాడాలి. మరో చిక్కు కూడా ఉంది. వై క్రోమోజోమ్ ఉండి కూడా సరిగ్గా ఆ జన్యువు ఉన్న ముక్క ఊడిపోయిన మగవాళ్లుంటారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో 270 మంది భారతీయ పురుషుల్ని పరిశీలిస్తే ఐదుగురిలో అది లేదు. అలాంటి మనిషి పన్ను వేల ఏళ్ల తర్వాత ల్యాబ్‌కు వెళ్తే 'స్త్రీ' అని వస్తుంది. కాబట్టి వీలైనప్పుడల్లా పన్ను, డీఎన్ఏ, కటి మూడింటినీ పక్కపక్కన పెట్టడమే పద్ధతి.

ఇంకో తొందర ఈ మధ్య కొత్తగా మొదలైంది. అప్పట్లో కత్తిని చూసి మగ అన్నట్టే, ఇప్పుడు రెండు ఎక్స్‌లు చూడగానే 'మహిళా సేనాని' అని హెడ్డింగ్ పెడుతున్నారు. ఇటలీలోని మోడెనాలో చేతిలో చెయ్యి వేసి పడుకోబెట్టిన ఇద్దరిని 2009లో 'ప్రేమికులు' అన్నారు. 2019లో ఇద్దరూ మగవాళ్లని పన్ను చెప్పింది. దాంతో అన్నదమ్ములనీ, సైనికులనీ, ప్రేమికులే ఎందుకు కాకూడదనీ ఊహలు నడిచాయి. క్రోమోజోమ్ జవాబు చెప్పిన ప్రశ్న ఒకటి, మనం అడుగుతున్నది మరొకటి. ఆ మనిషిని చుట్టుపక్కలవాళ్లు ఎలా చూశారన్నది సమాధిలో పెట్టిన వస్తువుల అమరిక నుంచి, పక్క సమాధులతో పోలిక నుంచి ఓపిగ్గా తెలుసుకోవాల్సిందే.

ఫిన్‌లాండ్‌లోని సుయోన్‌టాకాలో 1968లో దొరికిన మధ్యయుగపు సమాధిలో స్త్రీల దుస్తులకు పెట్టే బ్రోచ్‌లూ ఉన్నాయి, ఖడ్గమూ ఉంది. ఒక్కరికే ఇవి రెండూ ఎలా ఉంటాయని, ఇద్దర్ని కలిపి పూడ్చి ఉంటారన్నారు కొందరు. ఉన్నది ఒక్కరే. దొరికిన కాస్త డీఎన్ఏతో 2021లో పరిశోధకులు తేల్చగలిగింది, ఆ వ్యక్తికి బహుశా రెండు ఎక్స్‌లు, ఒక వై ఉండి ఉంటాయని. 'బహుశా' అనే మాటను వాళ్లు తమ వ్యాసంలో అలాగే ఉంచారు.