మా అమ్మాయికి ఏదైనా చూడండి సార్

మొన్న మన సంఘం ఉగాది సభలో అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. శాలువా ఎవరికి కప్పారో మీకందరికీ తెలుసు, పేరు రాయను. ఆయన తప్పు చేశారని నేను అనడం లేదు. నాకు గుచ్చుకున్నది స్టేజీ మీద చేసిన పరిచయం. ఇన్నేళ్లు ప్రభుత్వంలో కూర్చుని కాంట్రాక్టులు చూశారు, ఇప్పుడు ఆ కాంట్రాక్టులు గెలుచుకునే కంపెనీలోనే వైస్ ప్రెసిడెంట్, మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఇదే అన్నారు. నా పక్కన పచ్చడి కప్పు పట్టుకుని కూర్చున్న మా స్నేహితుడి కూతురు, హైస్కూలు పిల్ల, "అలా మారడం కరెక్టేనా అంకుల్?" అని అడిగింది. తర్వాత చెప్తానమ్మా అన్నాను. ఆ జవాబే ఇది.

ఇక్కడ వర్జీనియాలో ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) కాంట్రాక్టుల మీద బతికే ఇళ్లు మనవాళ్లలో ఎన్నో. డార్లీన్ డ్రూయెన్ పేరు మీలో చాలామంది ఎథిక్స్ ట్రైనింగ్‌లో వినే ఉంటారు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ కొనుగోళ్లు చూసే పెద్ద అధికారి, అక్కడ ఆమె మాటకు తిరుగులేదు. బేరం దగ్గర ఎంత గట్టి మనిషంటే "డ్రాగన్ లేడీ" అని పేరు పెట్టారు. 2002లో బోయింగ్ నుంచి 100 ట్యాంకర్ విమానాలు (గాల్లోనే వేరే విమానాలకు ఇంధనం నింపేవి) లీజుకు తీసుకునే బేరం, 2,000 కోట్ల డాలర్ల పైమాట, ఆమె చేతుల్లో ఉంది. ఆ అక్టోబర్‌లోనే ఓర్లాండో ఎయిర్‌పోర్టులో బోయింగ్ ఫైనాన్స్ అధిపతి మైకేల్ సియర్స్‌ని కలిసి తన ఉద్యోగం సంగతి మాట్లాడుకుంది. మర్నాడు ఆయన తన వాళ్లకు పంపిన ఈమెయిల్‌లో దాన్ని "నాన్-మీటింగ్" అని రాసుకున్నాడు, అంటే జరిగినా జరగనట్టే లెక్క. 2003 జనవరిలో రెండున్నర లక్షల డాలర్ల జీతానికి ఆమె బోయింగ్‌లో చేరింది, నవంబర్‌లో ఇద్దరినీ తీసేశారు, వారం తిరిగేసరికి బోయింగ్ సీఈఓ ఫిల్ కాండిట్ రాజీనామా చేశాడు. చివరికి ఆమెకు 9 నెలలు, సియర్స్‌కు 4 నెలలు జైలు. ట్యాంకర్ల లీజు రద్దయింది. 2006లో బోయింగ్ తన మీదున్న కేసులు తేల్చుకోవడానికి ప్రభుత్వానికి 61.5 కోట్ల డాలర్లు కట్టుకుంది, ఆ కేసుల్లో ఇదొకటి.

జైలు సంగతి అందరూ గుర్తుపెట్టుకుంటారు. నన్ను వదలనిది ఇంకోటి. 2000లోనే ఆమె సియర్స్‌ని అడిగి, తనకు అల్లుడు కాబోయే కుర్రాడికీ కూతురికీ బోయింగ్‌లో ఉద్యోగాలు వేయించుకుంది. తర్వాత తల్లి ఉద్యోగం మాట మొదట సియర్స్ చెవిన వేసిందీ ఆ కూతురే. 2004లో నేరం ఒప్పుకున్నప్పుడు కూడా డ్రూయెన్, దీనివల్ల ప్రభుత్వానికి నష్టమేమీ జరగలేదనే చెప్పింది. లై డిటెక్టర్ పరీక్షలో తప్పాక అసలు మాట బయటపెట్టింది. పిల్లలకు ఉద్యోగాలిచ్చారన్న కృతజ్ఞత తన నిర్ణయాల మీద పనిచేసిందనీ, 400 కోట్ల డాలర్ల సి-130 రవాణా విమానాల ఆధునికీకరణ పని వేరే వాళ్లు చూసి ఉంటే బోయింగ్‌కి ఇచ్చేవాళ్లు కాదేమోననీ కోర్టులో ఒప్పుకుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ప్రకాశం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ డివిజన్ ఆఫీసులో బిల్లుల గుమాస్తా. లంచం మా గడప తొక్కలేదు. దీపావళికి స్వీట్ బాక్సులు వచ్చేవి, తినేవాళ్లం, అది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. రాత్రిళ్లు బిల్లుల కట్ట ఇంటికి తెచ్చుకుని, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) పక్కన పెట్టుకుని, ఒక్కో లెక్క సరిచూసి పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టేవాడు. కంకర ఇన్ని క్యూబిక్ మీటర్లు, టిక్. తారు ఇన్ని డ్రమ్ములు, టిక్.

మా అక్క బీకాం అయ్యాక ఖాళీగా ఉంది. ఒక కాంట్రాక్టరు, మంచివాడే, "మా ఆఫీసులో లెక్కలు రాసుకుంటుంది, పంపండి బాబాయ్" అన్నాడు. నాన్న సంతోషంగా పంపాడు. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. ఆడపిల్ల ఉద్యోగం కోసం నలుగురిని అడగని తండ్రి ఎవరు? కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి అమ్మ మంచినీళ్లు ఇవ్వబోతే నాన్న ఆ కాంట్రాక్టరు బిల్లు ముందు పెన్సిల్ పట్టుకుని ఊరికే కూర్చున్నాడట. పేజీ మొత్తం మీద ఒక్క టిక్ లేదు. లెక్క తేడా వస్తోంది, అభ్యంతరం రాయాలి, చెయ్యి రావడం లేదు. తెల్లారి అక్కని పని మానెయ్యమన్నాడు. అక్క రెండు రోజులు అన్నం తినలేదు. నాన్న అభ్యంతరం రాశాడు.

ప్రభుత్వం వదిలి కంపెనీలో చేరడమే పాపమని నేను అనను. పిల్లల కాలేజీ ఫీజులు ఉంటాయి, ఇరవై ఏళ్ల అనుభవానికి బయట విలువ ఉంటుంది, రూల్స్ ప్రకారం ఏడాది ఆగి, తను ముట్టుకున్న ఫైళ్ల జోలికి పోకుండా నిజాయితీగా పనిచేసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. కానీ వాళ్లని పరిచయం చేసేటప్పుడు ఎలా ఆగారో, ఏ ఫైలు వదులుకున్నారో చెప్పాలి కదా? "ఇటు నుంచి అటు వెళ్లారు" అనేదే ఘనతగా చెబితే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది?

ఇంకో మాట, కష్టంగా ఉన్నా చెప్పాలి. మన పార్టీల్లో పెద్ద పోస్టులో ఉన్న మనిషి కనపడగానే రెజ్యూమే పంపే అలవాటు మనకుంది. నేనూ నా మేనల్లుడిది పంపాను. అవతలి మనిషి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "మా దగ్గర వద్దు అన్నయ్యా, వేరే చోట చూద్దాం" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఆయనకి ఇక్కడ క్షమాపణ చెబుతున్నాను. దయచేసి ఆ స్థానంలో ఉన్నవాళ్లని మన పిల్లల కోసం అడగకండి. పెన్సిల్ ఆగిపోయేది అక్కడే.

మన సంఘం సంగతికొస్తే, హాలు, భోజనాలు, సౌండ్ ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కూర్చున్నవాళ్లు ఏడాది పాటు ఆ వెండర్ల దగ్గర పనిగానీ డబ్బుగానీ తీసుకోకూడదని బైలాస్‌లో (సంఘం నియమావళిలో) ఒక వాక్యం చేర్చమని అడుగుతున్నాను. వచ్చే జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే పెడతాను. బలపరచడానికి ఒక సభ్యుడు కావాలి. ఎవరైనా ముందుకొస్తే ఆ రోజు కాస్త ముందే రండి, కూర్చుని మాట్లాడుకుందాం.