క్రెటా, సెల్టోస్: ఒక ద్వైతాద్వైత విచారం

శంకరుల అద్వైతానికీ మధ్వుల ద్వైతానికీ నడుమ శతాబ్దాలుగా సాగిన వాదం ఈ కాలంలో చల్లారిపోయిందని బెంగపడే పండితులెవరైనా ఉంటే, వారు ఒక ఆదివారం పూట హైదరాబాదులో ఏ మధ్యతరగతి ఇంటి హాల్లోనైనా కూర్చుంటే చాలు, ఆ బెంగ తీరిపోతుంది. ఆ వాదం హ్యుందాయ్ వారి క్రెటా కారు కొనాలా, కియా వారి సెల్టోస్ కొనాలా అనే రూపంలో ఇప్పటికీ నిరాటంకంగా నడుస్తోంది.

ముందుగా అద్వైతుల పక్షం వినాలి. కియాను హ్యుందాయ్ 1998లోనే కైవసం చేసుకుంది కాబట్టి ఈ రెండు కార్లూ ఒకే ఇంటి బిడ్డలు. 2023 నాటి సెల్టోస్‌నూ 2024 నాటి క్రెటానూ పక్కపక్కన నిలబెడితే, రెంటిలోనూ ఉన్నది అదే ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజను, 115 పీఎస్ (అశ్వశక్తి). డీజిలైతే 116, టర్బో అయితే 160. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెంటికీ 2610 మిల్లీమీటర్లే. ఆఖరికి డిక్కీ కూడా రెంటిదీ 433 లీటర్లే కనుక, అత్తారింటి నుంచి వచ్చే బియ్యం మూటల విషయంలోనూ భేదం చూపడానికి వీల్లేదు. ఇంజను సత్యం, గ్రిల్లు మిథ్య అని వీరి సిద్ధాంతం.

ద్వైతులు దీనికి ఒప్పుకోరు. ఆ 2023 సెల్టోస్ పొడవు 4365 మిల్లీమీటర్లు, ఆ క్రెటాది 4330. ముప్పై అయిదు మిల్లీమీటర్లంటే మాటలా అని వారు అడిగే తీరు చూస్తే, ఆ జానెడు కూడా లేని తేడాలో ఒక కుటుంబం కాపురం పెట్టబోతోందేమో అనిపిస్తుంది. పైగా సెల్టోస్ పెనుకొండ బిడ్డ. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊళ్లో 2019 నుంచి తయారవుతున్న బండిని కాదని పక్క రాష్ట్రపు బండి కొనడం సీమ ద్రోహమని అనంతపురం మిత్రుడొకరు తీర్పు చెప్పారు. అయితే ఆయన ఇప్పటికీ బుల్లెట్ మీదే తిరుగుతున్నారు.

క్రెటా పుట్టింది శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో. అది రామానుజుల జన్మస్థలం కాబట్టి, క్రెటా పక్షం వారు సహజంగానే విశిష్టాద్వైతులు. ఇంజను ఒక్కటేనని వీరు ఒప్పుకుంటూనే, కుదుపులను తట్టుకునే సస్పెన్షన్ అనే విశేషణం మాత్రం వేరంటారు: సెల్టోస్ కాస్త బిగువు, క్రెటా కాస్త మెత్తన. ఈ మూడు వాదాల్లో నాకు కొంచెం పస కనిపించింది దీంట్లోనే. మన కాలనీ రోడ్ల మీద నడుము చెప్పే సాక్ష్యాన్ని ఏ శాస్త్రమూ తోసిపుచ్చలేదు.

ఇక ప్రమాణాల సంగతి. ప్రత్యక్ష ప్రమాణం టెస్ట్ డ్రైవ్. షోరూం కుర్రాడు ముందు సీట్లో కూర్చుని, ఏసీ ఆఖరి మెట్టుకు పెట్టి, సర్వీసు రోడ్డు మీద బండి మూడో గేరు దాటకముందే "ఇక్కడ యూటర్న్ తీసుకోండి సార్" అంటాడు. వెనక సీట్లో మామగారు మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో కొలుస్తారు. బుడ్డోడు సన్‌రూఫ్ తీయించి తల బయట పెడతాడు. మే నెల మధ్యాహ్నం గనక ఆ తల వెంటనే లోపలికి వచ్చేస్తుంది, అయినా సన్‌రూఫ్ లేని వేరియంటు ఆ క్షణమే పోటీ నుంచి తప్పుకుంటుంది. దిగాక మామగారు తలుపు వేసి, ఆ "ధప్" మనే చప్పుడు చెవి ఒగ్గి విని, బండి గట్టిదేనని ధ్రువీకరిస్తారు.

గట్టిదనానికి వేరే పరీక్ష ఉన్నదన్న విషయం ఆ సభలో ఎవరూ ఎత్తరు. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వారు 2020లో సెల్టోస్‌నూ 2022లో అప్పటి క్రెటానూ గుద్దించి చూసి, పెద్దల రక్షణకు రెంటికీ మూడేసి నక్షత్రాలు ఇచ్చారు. అద్వైతానికి ఇంతకు మించిన సాక్ష్యం దొరకదు కానీ, అద్వైతులు కూడా దీన్ని ఉటంకించరు. మన ఇళ్లలో నక్షత్రం అంటే డెలివరీ ముహూర్తానికి చూసేదే. అమ్మేటప్పుడు ఎంత వస్తుందన్న ప్రశ్న మాత్రం కొనకముందే మూడుసార్లు వస్తుంది.

వీటన్నిటినీ మించిన దర్శనం ఇంకొకటి ఉంది: నిరీక్షణవాదం. "ఇప్పుడు కొనకు, ఆర్నెల్లు ఆగు, కొత్త మోడల్ వస్తోంది" అనేది దీని మహావాక్యం. ఇదివరకు దీన్ని పిసినారితనమని తేలిగ్గా తీసిపారేసేవారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి, సెస్సు అనే అదనపు పన్ను పోయి, ఈ తరహా కార్ల మీద పన్ను మొత్తం 40 శాతానికి దిగిన నాటి నుంచి ఆగినవారు ఋషులయ్యారు, ఆగస్టులో కొన్నవారు శ్రాద్ధానికి వచ్చినట్టు ముఖాలు పెట్టుకుని తిరిగారు. మా కుటుంబంలో ఈ మతానికి పీఠాధిపతి మా బావగారు. పన్ను తగ్గింది కదా, ఇప్పుడైనా కొనండి బావగారూ అంటే, "తొందరెందుకు, ఎలక్ట్రిక్ ధరలు కూడా దిగనీ" అన్నారు. తర్వాత, వర్షం వచ్చేలా ఉంది, మియాపూర్ మెట్రో దాకా నీ పాత ఆల్టోలో దింపేస్తావా అని అడిగారు.