పది గంటలకు నవ్వు, పదకొండింటికి కాగితం మామిడికాయ

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 నిండితే వయోవృద్ధులని తేల్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అర్థం కూడా రాసిపెట్టింది. అంత పెద్ద చట్టం రాసిన పెద్దమనుషులు తంబోలా అనే అంకెల ఆట సంగతి మరిచిపోయారు. ఆ లోటు మా యాజమాన్యం పూడ్చింది.

బెంగళూరు కనకపుర రోడ్డులో, ఇక ఊరు అయిపోయిందిలే అనుకున్న చోటు నుంచి మరో నాలుగు కిలోమీటర్లు పోతే మా సీనియర్ లివింగ్ కమ్యూనిటీ వస్తుంది. మేమిద్దరం ఇక్కడికి చేరి రెండేళ్లు. చేరిన రోజు సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బండ్లను చూస్తూ కూర్చున్నాను. గుడివాడలో మా తాత అరుగు మీద కూర్చుని ముప్ఫై ఏళ్లు చేసిన పని ఇదే. ఆయన్ను ఊరంతా గౌరవించేది. నాకు మాత్రం పావుగంట దాటకముందే ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా."

"మరి ఊరికే కూర్చున్నారేం?"

సమాధానం కోసం ఆగకుండా ట్యాబ్‌లో ఏదో రాసుకుంది. ఆ అమ్మాయి మా హ్యాపీనెస్ మేనేజర్. హిందూపురం పిల్ల, బంగారు తల్లి, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. ఊరికే కూర్చోవడం ఇక్కడ రోగలక్షణమని తెలియక నేనే తప్పు చేశాను.

నోటీసు బోర్డు చూస్తే మన బతుకు ఇన్నాళ్లూ ఎంత అస్తవ్యస్తంగా గడిచిందో తెలుస్తుంది. ఆరున్నరకు కుర్చీ యోగా. పదింటికి నవ్వు. పదకొండింటికి మెదడుకు మేత. నాలుగింటికి రంగులు దిద్దడం. అయిదున్నరకు మనసు విప్పి మాట్లాడుకోవడం. ఆరింటికి హాలు ఖాళీ చెయ్యాలి కాబట్టి మనసు ఎంత విప్పినా అరగంటలో మళ్లీ మడిచి పెట్టుకోవాలి. ప్రతిదానికీ హాజరు పట్టీ ఉంది. నెలాఖరుకు మార్కులు వేసి న్యూజెర్సీకో, డాలస్‌కో పంపిస్తారు. ఒకప్పుడు పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద మనం సంతకం పెట్టాం. ఆ బాకీ ఇలా తీరుతోంది.

నవ్వు దగ్గర కాసేపు ఆగాలి. మదన్ కటారియా అనే డాక్టరు 1995లో ముంబయి పార్కులో అయిదుగురితో నవ్వుల క్లబ్బు మొదలుపెట్టాడు. మొదట్లో జోకులు చెప్పుకునే నవ్వేవాళ్లట. కొన్నాళ్లకు మంచి జోకులు అయిపోయాయి. అప్పుడాయన జోకు లేకుండానే నవ్వే పద్ధతి కనిపెట్టాడు. మా దగ్గర జోకులకు కొదవ లేదు. పక్క బ్లాకు మాస్టారి దగ్గర ఇంకో ఇరవై ఏళ్లకు సరిపడా సరుకుంది. కానీ ఆయన నోరు తెరవగానే, "అంకుల్, అది అయిదున్నరకి. ఇప్పుడు నవ్వాలి" అంటారు. చేతులు పైకెత్తి హోహో, హాహా అంటాం. దానికి జీఎస్టీతో సహా బిల్లు వేస్తారు. ఆ బిల్లు చూసినప్పుడు వచ్చే నవ్వు మాత్రం అసలైనదే.

మూడో అంతస్తులో కరెంటు బోర్డులో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. సబ్‌స్టేషన్లు నడిపిన మనిషి. ఓ రోజు భోజనాల హాల్లో ఫ్యాను రెగ్యులేటరు పాడైంది. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకుని మూత విప్పబోతే నలుగురు సిబ్బంది చుట్టుముట్టి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించారు. "మీరు రెస్ట్ తీసుకోండి అంకుల్, టెక్నీషియన్ వస్తాడు." వస్తాడన్నారు నిజమే, ఏ రోజో అనలేదు. మర్నాడు పదకొండింటికి, మెదడుకు మేత కింద, ఆయన ముందు ఒక చెక్క పలక పెట్టారు. దానికి ఆరు బోల్టులు, పక్కన ఆరు నట్లు. బిగించి మళ్లీ విప్పాలి. వేళ్లకు వ్యాయామమట. ఫ్యాను తిరగని హాల్లో చెమటలు కక్కుతూ ఆయన ఆరూ బిగించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఫొటో తీసి వాళ్లబ్బాయికి పంపారు.

ఇలాంటి చోట్ల ఏం చెయ్యకూడదో 1976లోనే ఒక ప్రమాదకరమైన ప్రయోగం తేల్చింది. అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తు వాళ్లకు, మీ గది మీ ఇష్టం, ఏం మార్చాలో మీరే చెప్పండి అన్నారు. సినిమా ఏ రోజు చూస్తారో మీరే ఎంచుకోండి, ఇదిగో మొక్క, మీరే పెంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్క ఇచ్చారు గానీ నీళ్లు నర్సులే పోస్తారన్నారు, సినిమా రోజు కూడా వాళ్లే చెప్పారు. మూడు వారాలకే మొదటి అంతస్తు వాళ్లు ఎక్కువ హుషారుగా, సంతోషంగా కనిపించారు. ఏడాదిన్నర తర్వాత చూసినా వాళ్ల ఆరోగ్యమే మెరుగ్గా ఉంది.

మా యాజమాన్యం ఇది చదివినట్టే ఉంది. ప్రతి గదికీ మొక్క ఇచ్చారు. ప్లాస్టిక్‌ది. నెలకోసారి కుర్రాడొచ్చి దుమ్ము దులిపిపోతాడు.

విహారయాత్రల గురించి ఎక్కువ చెప్పను. మెడలో ట్యాగు, ఏసీ మినీబస్సు, లాల్‌బాగ్‌లో గాజుమందిరం ముందు గ్రూప్ ఫొటో, తలలు లెక్కపెట్టుకుని వెనక్కి. ఆడవాళ్లకు మాత్రం కర్ణాటక ప్రభుత్వం 2023 జూన్‌లో శక్తి పథకం తెచ్చి బస్సు ఉచితం చేసింది. ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉంటే చాలు. మా ఆవిడా, ఇంకో ముగ్గురు వదినగార్లూ గేటు దగ్గర "గుడికి" అని రాసి బీఎంటీసీ సిటీ బస్సు ఎక్కి కె.ఆర్. మార్కెట్‌లో దిగుతారు. యాజమాన్యం దృష్టిలో వాళ్లు మహా భక్తురాళ్లు.

మొన్న మేలో మ్యాంగో డే జరిపారు. ఆవకాయ పెట్టుకుంటాం, మేడ మీద కాస్త చోటివ్వండని ఆడవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. కత్తి భద్రత కాదు, నూనె జారుతుంది, కారం అలెర్జీ అని జవాబొచ్చింది. బదులుగా తలా ఒక అట్టముక్క, పచ్చరంగు, మొనలేని కత్తెర ఇచ్చారు. ఎనభై నిండిన మామ్మగారు ఒకరు అట్ట మామిడికాయను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి టెంకేదే?" అని అడిగింది. అంతకుముందు మెమరీ టెస్టులో ఇవాళ ఏ వారమంటే ఈవిడ చెప్పలేదని తక్కువ మార్కులు వేశారు. నేనడిగితే, "అన్ని రోజులూ ఒక్కలాగే ఉన్నచోట వారంతో పనేముంది నాయనా" అంది.

ఆ వారంలోనే "గుడికి" వెళ్లిన నలుగురూ రెండు సంచుల ప్రసాదంతో వచ్చారు. శ్రీనివాసపుర కాయలు, పుల్లగా, గట్టిగా. మా గది తలుపు గడియ పడింది. కత్తి ఎవరు తెచ్చారో చెప్పను గానీ, కొట్టింది మాత్రం ఇంజనీరుగారు. ఒక్క వేటుకు టెంకతో సహా రెండు చెక్కలు. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, తడి లేకుండా తుడిచే ఉద్యోగం నాకిచ్చారు. నా పాత పంచె దానికి బలైంది. మామ్మగారు మంచం మీద కూర్చుని ఆవపిండి ఇంత, కారం ఇంత, ఉప్పు ఇంత అని చెబుతుంటే ఎవరూ మారు మాట్లాడలేదు. ఒక వదినగారు ఉప్పు మరో గుప్పెడు వెయ్యబోతే మామ్మగారు చెయ్యి పట్టుకుని ఆపింది. మాస్టారు కాపలా. నడవాలో ఎవరైనా వస్తే గట్టిగా హోహో, హాహా అనాలి. అన్నారు కూడా. ఆయన మార్కులు ఆ నెల బాగా పెరిగాయి.

మూడో రోజు తిరగకలుపుతుండగా అమెరికా నుంచి మావాడి ఫోను. నెల నివేదిక అందిందట. గొంతులో దిగులు.

"నాన్నా, అమ్మ మూడు రోజులుగా ఏ యాక్టివిటీకీ రాలేదట. గదిలోంచి బయటికే రావడం లేదని రాశారు. సోషల్ ఎంగేజ్‌మెంట్ తక్కువ అని ఎర్రరంగు పెట్టారు. డిప్రెషనేమో, డాక్టరుకు చూపించండి. ఒకసారి అమ్మకివ్వండి."

ఫోను అందించబోయాను. జాడీలోంచి మోచేతుల దాకా ఎర్రటి చేతులు పైకెత్తి, నా వంక చూడకుండానే అంది:

"చేతులు ఖాళీ లేవండీ. తర్వాత చేస్తానని చెప్పండి."