బాయిలర్ పాలవుతున్న అంబర్

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనులున్నాయి. అక్కడి బొగ్గు పొరల్లో తేనె రంగు ముక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. అది అయిదు కోట్ల ఏళ్ల కిందటి చెట్లు కార్చిన గుగ్గిలం. శాస్త్రవేత్తలు కాంబే అంబర్ అంటున్నది దీన్నే. ఎవరైనా చూసి ఏరితే ప్రయోగశాలకు చేరుతుంది. ఏరకపోతే లిగ్నైట్‌తో పాటే విద్యుత్ కేంద్రానికి పోయి బాయిలర్‌లో మండిపోతుంది. ఇంత విలువైన సాక్ష్యం భవితవ్యాన్ని ఏరేవాడి ఓపికకు వదిలేయడం తగదు.

ఏరినందుకు దక్కిందేమిటో చూడండి. లఖ్‌నవూ బీర్బల్ సాహ్నీ సంస్థకు చెందిన హుకం సింగ్, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెస్ రస్ట్, న్యూయార్క్ శాస్త్రవేత్త డేవిడ్ గ్రిమాల్డి తదితరులు 2010లో తమ పరిశోధన ప్రచురించారు. అంబర్‌లో చిక్కిన చీమలు, చెదలు, తేనెటీగలు, సాలీళ్లు కలిపి 55కు పైగా కుటుంబాలకు చెందిన నూరు జాతుల దాకా లెక్కతేలాయి. భారత భూఖండం గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం నుంచి తెగి, కోట్ల ఏళ్లు సముద్రంలో ఒంటరిగా సాగి ఆసియాను ఢీకొందని చదువుకున్నాం. అదే నిజమైతే ఆనాటి మన పురుగులు లోకంలో మరెక్కడా కనిపించనివై ఉండాలి. కానీ వాటి చుట్టాలు ఉత్తర ఐరోపాలో, ఆస్ట్రేలియా వైపు, అమెరికా ఉష్ణమండలంలోనూ తేలాయి. మనం అనుకున్నంత ఒంటరితనం ఆ నేలకు లేదన్నమాట.

ఈ అంబర్‌కు మరో గుణం ఉంది. ఐరోపాలో దొరికే బాల్టిక్ అంబర్ పూర్తిగా గట్టిపడింది, ఇది అలా గట్టిపడలేదు. టోలుయిన్, క్లోరోఫాం వంటి ద్రావణుల్లో వేస్తే కరుగుతుంది. లోపలి చీమ కాళ్లు, మీసాలు, ఒంటి నూగుతో సహా బయటపడుతుంది. సూక్ష్మదర్శిని కింద దాన్ని అటూ ఇటూ తిప్పి చూడవచ్చు. పురాతన కీటకాన్ని గాజులాంటి గడ్డలోంచి తొంగిచూడటమే అలవాటైన పరిశోధకులకు ఇది అరుదైన వరం. (డీఎన్‌ఏ తీసి డైనోసార్లను పుట్టించడం మాత్రం సినిమా ముచ్చటే.)

గుగ్గిలం రసాయనాన్ని, పక్కనే దొరికిన శిలాజ కలపను బట్టి ఆ చెట్లు సాల వృక్షం కుటుంబానివని తేలింది. ఇప్పుడు ఆగ్నేయాసియాను ఏలుతున్న ఆ మహారణ్యాల ముత్తాతలు గుజరాత్‌లో ఉండేవన్నమాట. ఆ వంశం మనకూ పరాయిది కాదు. శేషాచలం కొండల్లోని తంబజాలారి అదే కుటుంబానిది, దాని గుగ్గిలాన్ని ధూపం వేస్తారు. ఆ చెట్టూ అంతరించే ముప్పున్న జాబితాలోనే ఉంది.

పొరుగున మయన్మార్ కథ వేరు. కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయలో దొరికే అంబర్ వయసు సుమారు 9.9 కోట్ల ఏళ్లు. ఈకలున్న డైనోసార్ తోక ముక్క అందులోనే బయటపడింది. అక్కడ అంబర్‌ను రత్నంగా లెక్కగట్టడంతో శిలాజాల ఎగుమతిపై ఉన్న నిషేధం దానికి అడ్డు రాలేదు. నమూనాలు చైనా బజార్లకు తరలాయి. 2017లో గనుల ప్రాంతాన్ని సైన్యం చేజిక్కించుకుంది. ఆ సొమ్ము యుద్ధానికి చేరుతోందన్న ఆందోళనతో, అలాంటి శిలాజాలపై పరిశోధన పత్రాలు వేయవద్దని 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల సంఘం పత్రికలను కోరింది. మన అంబర్ నగలకు పనికిరాదు కాబట్టి దళారీ రాడు. దళారీ రాడు కాబట్టి ఏరేవాడూ లేడు. మయన్మార్‌లో దురాశ తెచ్చిన నష్టాన్ని ఇక్కడ నిర్లక్ష్యం తెస్తోంది.

లిగ్నైట్ తవ్వకం ఆపాలని ఎవరూ అడగడం లేదు. నిజానికి తవ్వబట్టే ఇవి బయటపడ్డాయి. కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన ఎముకల నుంచే వాసుకి అనే భారీ పాము సంగతి 2024లో లోకానికి తెలిసింది. కొత్త పొర తెరిచినప్పుడు పరిశోధకులకు కబురు పెట్టాలని, గనిలోకి అనుమతించాలని, ఏరిన ముక్కలను ఏ పొరలో దొరికాయో రాసి భద్రపరచాలని లీజు షరతుల్లోనే చేర్చాలి. గని ఆదాయంతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. భూ వారసత్వ స్థలాల పరిరక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఓ బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచింది. అధికారమంతా భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ)కే కట్టబెడుతున్నారని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సహేతుకమే. విశ్వవిద్యాలయాలకు, స్వతంత్ర పరిశోధకులకు చోటిస్తూ ముసాయిదాను సవరించి, నడుస్తున్న గనులకూ వర్తించేలా సభ ముందుకు తేవాలి.