అందరినీ అడగాలా?

పల్లెలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఏ జబ్బుతో వచ్చినా సరే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలందరినీ గర్భం, కుటుంబ నియంత్రణ, తెల్లబట్ట, కాపురంలోని ఇబ్బందుల గురించి నాలుగు మాటలు అడగాలని డాక్టరు ప్రతిపాదించారు. ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న స్టాఫ్ నర్సుకు అది నచ్చలేదు.

నర్సు: జ్వరమని వచ్చిన మనిషిని తెల్లబట్ట అవుతోందా అని అడిగితే ఏమనుకుంటుంది మేడమ్? అవసరమున్నవాళ్లు వాళ్లే చెప్పుకుంటారు. చూడగానే మనకూ తెలుస్తుంది.

డాక్టరు: ఆ 'చూడగానే తెలుస్తుంది' దగ్గరే నా అభ్యంతరం, సిస్టర్. మనకు అనుమానం వచ్చినవాళ్లనే అడిగితే ఆ అడగడమే నింద అవుతుంది. బీపీ చూసినట్టు అందరినీ అడిగితే ఎవరూ తప్పుపట్టుకోరు. ఇక, వాళ్లే చెప్పుకుంటారని మీరన్న మాట సంగతి. ఫిట్స్‌తో వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి వాల్‌ప్రోయేట్ రాశామనుకోండి. గర్భంతో ఉండగా ఆ మందు వాడితే పుట్టే పదిమంది బిడ్డల్లో దాదాపు ఒకరికి అవయవ లోపాలుంటాయి. 'ఈ ఏడాదిలో పిల్లలు కావాలనుకుంటున్నావా అమ్మా' అని ముందే అడిగితే వేరే మందు ఆలోచిస్తాం, ఫోలిక్ యాసిడ్ మొదలుపెడతాం. ఫిట్స్‌కు వేసుకునే మాత్రకూ కడుపులో బిడ్డకూ సంబంధముందని తెలిస్తే కదా ఆమె తనంతట తాను చెప్పడానికి! బీపీకి రాసే టెల్మిసార్టాన్ సంగతీ అంతే, అది కడుపులో బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 30 దాటిన స్త్రీలను ఐదేళ్లకోసారి పరీక్షించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30-49 ఏళ్లవారిలో ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరైనా లేరు. ఎవరూ అడగకపోతే ఇలాగే ఉంటుంది.

నర్సు: అడగక కాదు మేడమ్, అడిగే చోటు లేక. మన ఇంజెక్షన్ గదికి తెర ఉంది గానీ తలుపుకు గడియ లేదు. తెర కింద అత్తగారి చెప్పులు కనిపిస్తుంటే ఆ కోడలు నోరు విప్పుతుందా? విప్పినా, ఓపీ చీటీ మీద రాస్తే మందులిచ్చే కిటికీ దగ్గర నలుగురూ చదువుతారు.

డాక్టరు: చీటీ మీద రాయవద్దని పోయిన నెలలోనే చెప్పాను.

నర్సు: చెప్పారు. రిజిస్టరులో మాత్రం గడి గీయించారు. ఆ రిజిస్టరు రోజంతా బల్లమీద తెరిచే ఉంటుంది.

డాక్టరు: మూసిపెట్టడానికి కూడా ఉత్తర్వు కావాలా?

నర్సు: నలభై మందికి ఇంజెక్షన్లు చేస్తూ నలభై సార్లు మూయమంటారా? సరే, అది పక్కనపెట్టండి. పదహారేళ్ల పిల్ల తనకు లైంగిక సంబంధం ఉందన్న నిజం చెబితే ఏం చేస్తారు? పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే శిక్ష మనకు.

డాక్టరు: పిల్లా సంరక్షకులూ కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో అన్నది కదా.

నర్సు: అది గర్భస్రావానికి వచ్చిన పిల్ల విషయంలో. మనం అడిగేది జలుబుకు వచ్చిన పిల్లను.

డాక్టరు: ...దానికి నా దగ్గర జవాబు లేదు. అడిగేముందే, తన మాట ఎక్కడిదాకా పోగలదో ఆ పిల్లకు చెప్పాలి.

నర్సు: చెబితే నోరు విప్పదు.

డాక్టరు: విప్పకపోవచ్చు. తెలియక చెప్పి పోలీసుల పాలవడం కంటే అది నయం. పద్దెనిమిది దాటినవాళ్లతో మొదలుపెడదాం, కానీ గడియ పెట్టించాకే.

నర్సు: వడ్రంగిని నేను పిలిపిస్తాను. రిజిస్టరుకు తాళమున్న బీరువా కావాలని మీరు పైవాళ్లకు రాయండి.